యాభై భాషల మీట నొక్కే ముందు

ప్రశ్న: నేను ఆన్‌లైన్‌లో నూలు దిండు గలీబులు, కుషన్ కవర్లు, పలచటి దుప్పట్లు అమ్ముతున్నాను. ఒక పెద్ద అమ్మకాల వేదికలో దుకాణం ఉంది, సొంత వెబ్‌సైటు కూడా ఉంది. దాదాపు రెండు వందల వస్తువులు. వివరాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఫ్రాన్స్, జర్మనీల నుంచి చూసేవాళ్లు బాగానే వస్తున్నారు కానీ కొనేవాళ్లు తక్కువ. వెబ్‌సైటుకు తగిలించే ఒక చిన్న అనువాద సాఫ్ట్‌వేరు (ప్లగిన్) పెట్టుకుంటే ఒక్క మీటతో వెబ్‌సైటు యాభై భాషల్లోకి మారిపోతుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. అనువాదకులను అడిగితే రెండు వందల వస్తువులకు వాళ్లు చెప్పిన మొత్తం నా శక్తికి మించింది. నాకా ఆ భాషలేవీ రావు. తప్పుగా రాస్తే దుకాణం పరువు పోతుందని భయం, రాయకపోతే బేరాలు పోతున్నాయని బెంగ. ఏం చేయమంటారు? — ఒక పాఠకురాలు

సమాధానం: మీ భయమూ సరైనదే, బెంగా సరైనదే. సీఎస్‌ఏ రీసెర్చ్ అనే సంస్థ 2020లో 29 దేశాల్లో 8,709 మంది కొనుగోలుదారులను ప్రశ్నించింది. వస్తువు వివరాలు సొంత భాషలో ఉంటే దానివైపే మొగ్గుతామని 76 శాతం మంది చెప్పారు. పరాయి భాషలో ఉన్న వెబ్‌సైటులో అసలు కొననే కొనమని 40 శాతం మంది చెప్పారు. నోటితో చెప్పేదానికీ డబ్బు తీసేటప్పుడు చేసేదానికీ తేడా ఉంటుంది కాబట్టి ఈ అంకెలను అక్షరాలా నమ్మనక్కర్లేదు. అయినా చేత్తో తాకి చూడలేని గుడ్డను, ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర, సగం అర్థమయ్యే భాషలో చదివి కొనడానికి ఎవరైనా వెనుకాడతారన్నది నిజం.

కానీ ఆ యాభై భాషల మీట మాత్రం నొక్కకండి. ఒక భాషలో వస్తువును అమ్మకానికి పెట్టడమంటే ఆ భాషలో మాట ఇవ్వడం. కొలత ఇంత, గుడ్డ ఇది, ఇన్ని రోజుల్లో వస్తుంది, నచ్చకపోతే ఇలా వెనక్కి తీసుకుంటాను అని మీరు రాసే ప్రతి వాక్యమూ ఒక హామీయే. మీరు చదవలేని యాభై భాషల్లో హామీలు ఇచ్చి, వాటిలో ఏమి రాసి ఉందో మీకే తెలియని స్థితి తెచ్చుకోవద్దు. రెండు వందల వస్తువులు యాభై భాషల్లో అంటే పది వేల పేజీలు. రేపు ఒక గుడ్డ రకం మారితే, పంపే గడువు మారితే, ఆ మార్పు అన్నిచోట్లా సరిగా పడిందో లేదో చూసేది ఎవరు? ఎన్ని భాషల్లో మాట నిలబెట్టుకోగలరో అన్నిట్లోనే అమ్మండి. ప్రస్తుతానికి, ఇంగ్లీషు కాక, మీకు ఆ సంఖ్య ఒకటి.

ఆ ఒక్క భాష ఏదో తేల్చే ముందు, అడ్డం పడుతున్నది నిజంగా భాషేనా అని చూడండి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా అనువాదకుల దగ్గరికి వెళ్తారు, అందుకే నేను ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను. మీ వెబ్‌సైటు గణాంకాల్లో సందర్శకుల దేశం, బ్రౌజర్ భాష, వాళ్లు ఏ పేజీ దగ్గర వెళ్లిపోయారన్నది కనిపిస్తాయి. వస్తువు పేజీలోనే ఆగిపోతుంటే వివరణ సరిగా అందడం లేదేమో. బుట్టలో వేసుకుని, రవాణా ఖర్చు కనిపించగానే వెళ్లిపోతుంటే అది భాష సమస్య కాదు. ఎంత చక్కగా అనువదించినా ఆ ఖర్చు తగ్గదు.

మీ సరుకు విషయంలో మూడో కారణం ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. పడక దిండ్ల కొలతలు దేశానికో తీరుగా ఉంటాయి. జర్మనీలో మామూలుగా వాడే దిండు 80×80 సెంటీమీటర్ల చదరం. ఫ్రాన్స్‌లో 65×65 చదరం బాగా వాడుకలో ఉంది. బ్రిటన్‌లో 50×75. అమెరికాలో ప్రామాణిక దిండు 20×26 అంగుళాలు, అంటే దాదాపు 51×66 సెంటీమీటర్లు. మీరు కుడుతున్నది 50×75 గలీబులైతే, జర్మనీ కొనుగోలుదారు ఆ పేజీని ఎంత ఇష్టంగా చూసినా, ఎంత బాగా అర్థం చేసుకున్నా, కొనకుండానే వెళ్తుంది. ఆమెకు కావలసింది అనువాదం కాదు, 80×80 గలీబు. అందుకని మొదట కుషన్ కవర్లు, దుప్పట్ల వంటి కొలత పేచీ తక్కువ ఉన్న వస్తువులతో మొదలుపెట్టండి. దిండు గలీబుల్లో ఆ దేశపు కొలతకు కుట్టగలిగినవి మాత్రమే ఆ భాషలో పెట్టండి.

ఫ్రెంచా, జర్మనా అన్నది మీ లెక్కలే చెబుతాయి. ఎక్కడి నుంచి ఇప్పటికే కొన్ని ఆర్డర్లు వచ్చాయో, ఎక్కడి వాళ్లు సందేహాలు అడుగుతూ సందేశాలు పంపుతున్నారో, ఎక్కడికి పార్సిల్ నమ్మకంగా చేరుతున్నదో ఆ భాష ఎంచుకోండి. రెండూ సమానంగా ఉంటే, ఆ భాష బాగా తెలిసిన నమ్మకమైన మనిషి మీకు ఏ భాషలో దొరికితే అదే మీ భాష.

ఇక అసలు పని. అది ఫ్రెంచిలోనో జర్మన్‌లోనో కాదు, మీ ఇంగ్లీషులో మొదలవుతుంది. మీ కొనుగోలుదారుల్లో కొందరు ఇప్పటికే మీ పేజీని బ్రౌజర్‌లోని యంత్రానువాదంలో చదువుతున్నారు. చేతితో చేసిన వస్తువులు అమ్మే ఎట్సీ వంటి ఆన్‌లైన్ వేదికల్లో మీరు సొంత అనువాదం ఇవ్వకపోతే యంత్రమే అనువదించి చూపిస్తుంది. అంటే అనువాదం మీ ప్రమేయం లేకుండానే జరుగుతున్నది. దాని చేతికి మీరు ఏమి అందిస్తున్నారన్నదే ప్రశ్న. 'బోహో కాటన్ పిల్లో కవర్ కుషన్ కేస్ సోఫా డెకార్ గిఫ్ట్' అని వెతుకుడు మాటలన్నీ గుదిగుచ్చిన శీర్షికలో వాక్యమే లేదు. ఏ మాట దేనికి చెందుతుందో యంత్రానికి తెలియదు, మనిషికీ తెలియదు. దానికి బదులు, చేత్తో అచ్చు వేసిన నూలు కుషన్ కవర్, నీలం రంగు, 45×45 సెంటీమీటర్లు, లోపలి దిండు ఉండదు అని ఇంగ్లీషులో తిన్నగా రాయండి. ఒక వాక్యంలో ఒక సంగతే చెప్పండి. ఒకే వస్తువును ఒకచోట కవర్ అని, ఇంకోచోట కేస్ అని, మరోచోట స్లిప్ అని పిలవకండి. ఇంగ్లీషులో పలచటి దుప్పటిని 'త్రో' అంటారు. 'విసురు' అనే క్రియ కూడా అదే మాట కాబట్టి, పక్కన దుప్పటి అన్న మాట లేకుండా దాన్ని ఒంటరిగా వదలకండి.

'లోపలి దిండు ఉండదు' అన్న మాటను శీర్షికలోనే పెట్టమన్నది ఊరికే కాదు. ఫొటోలో కుషన్ నిండుగా ఉబ్బి కనిపిస్తుంది, పార్సిల్‌లో చదునైన గుడ్డ వస్తుంది. 'కాదు', 'లేదు', 'ఉండదు' అని చెప్పే వాక్యాలు వివరణలో అడుగున ఎక్కడో పడి ఉంటే కొనుగోలుదారు దృష్టి వాటిదాకా పోదు. అనువాదంలో ఆ 'లేదు' జారిపోయిందంటే అర్థమే తిరగబడుతుంది. కాబట్టి అలాంటి వాక్యాలను ముందే ఏరి పెట్టుకోండి. అనువాదం వచ్చాక మొట్టమొదట సరిచూడవలసింది వాటినే.

ఫొటోల మీద రాసిన మాటలు కూడా చూసుకోండి. కొలతల పట్టికను, ఉతికే పద్ధతిని బొమ్మలో పెట్టి ఉంటే వేదిక చేసే అనువాదం దాన్ని ముట్టుకోదు. ఆ మాటలను బొమ్మలోంచి తీసి వివరణలో పెట్టండి. ఉతుకుడు సూచనలకైతే ఐఎస్‌ఓ 3758 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని గుర్తులు ఉన్నాయి. నీళ్ల తొట్టి, ఇస్త్రీ పెట్టె, త్రికోణం ఉండే ఆ గుర్తులను చాలా దేశాల్లో భాష లేకుండానే గుర్తుపడతారు. అంకెల దగ్గర కూడా జాగ్రత్త. జర్మన్‌లో దశాంశానికి కామా, వేలకు చుక్క వాడతారు. మీరు 1.500 అని రాస్తే ఒకటిన్నర అని మీ ఉద్దేశం, పదిహేను వందలని వాళ్ల పఠనం. అమ్మకం గడువు 03/04 అని రాస్తే ఒక దేశంలో ఏప్రిల్ 3, ఇంకో దేశంలో మార్చి 4. నెలను అక్షరాల్లోనే రాయండి.

ఖర్చు సంగతికి వద్దాం. రెండు వందల వస్తువులకు అనువాదకులు చెప్పిన మొత్తం చూసి మీరు గుండెలు బాదుకున్నారు కానీ, ఆ రెండు వందల వివరణల్లో ఉతికే పద్ధతి, పంపే పద్ధతి, వాపసు నియమాలు ఎన్నిసార్లు వచ్చి ఉంటాయో లెక్కపెట్టండి. అనువాదకులు సాధారణంగా మాటల లెక్కన తీసుకుంటారు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పేరాలను విడదీసి ఒక్కసారే అనువదింపజేస్తే, ఒక్కో వస్తువుకు మిగిలేది శీర్షిక, మూడు నాలుగు వాక్యాలు. ఒకసారి అనువదించిన వాక్యాన్ని గుర్తుపెట్టుకుని మళ్లీ వచ్చినప్పుడు చూపించే ఒమేగాటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఆ లెక్కన తగ్గింపు ఇస్తారేమో అడగండి. పైగా మొత్తం రెండు వందలతో మొదలుపెట్టవలసిన పనే లేదు. బాగా అమ్ముడుపోయే ఇరవై చాలు.

యంత్రం సాయం తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు. మొదటి చిత్తుకు అది బాగానే పనికొస్తుంది. కానీ చివరి మాట దానిది కాకూడదు. అమెజాన్ 2020 అక్టోబరులో స్వీడన్‌లో తన వెబ్‌సైటు తెరిచినప్పుడు యంత్రం అనువదించిన వస్తువుల పేర్లు కొన్ని అసభ్యంగా మారి వార్తలకెక్కాయి. రేప్‌సీడ్ అనే నూనెగింజల మొక్క పేరు అత్యాచారమన్న మాటగా మారిపోయింది. అంత పెద్ద సంస్థ ఆ అవమానాన్ని తట్టుకుని నిలబడింది. మీ దుకాణానికి అంత ఓపిక ఉండదు.

అందుకే యంత్రపు చిత్తును ఆ భాషలో పుట్టి పెరిగిన ఒక మనిషి చదవాలి. అనువాదమే వృత్తిగా ఉన్నవాళ్లయితే మరీ మంచిది. వాళ్ల చేతికి పేజీ ఇచ్చి 'బాగుందా?' అని అడగకండి. మొహమాటానికి బాగుందనే అంటారు. 'ఇది చదివాక పార్సిల్‌లో మీకు ఏమి వస్తుందనుకుంటున్నారు? ఎంత పెద్దది? దేనితో చేసింది? ఎప్పటికి వస్తుంది? నచ్చకపోతే ఏం చేస్తారు?' అని అడగండి. వాళ్ల జవాబు మీరు పంపబోయే వస్తువుతో సరిపోతే అనువాదం సరిపోయినట్టే. అనువాదాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి చూసుకునే పద్ధతి కూడా ఉంది. తప్పిపోయిన అంకె, జారిపోయిన 'లేదు' దానిలో దొరుకుతాయి. మాట మర్యాదగా ఉందా, మొరటుగా ఉందా అన్నది దానిలో తెలియదు. మనకు మీరు, నువ్వు ఉన్నట్టే జర్మన్‌లోనూ ఫ్రెంచిలోనూ రెండు సంబోధనలు ఉన్నాయి. ఏది వాడాలో మొదటే నిర్ణయించి అన్ని పేజీల్లోనూ, సందేశాల్లోనూ దాన్నే వాడండి.

ఆ మనిషితో కూర్చుని ముందుగా చేయించుకోవలసింది ఒక చిన్న పదాల పట్టిక. మీ వ్యాపారం మొత్తం తిరిగేది ఓ యాభై మాటల చుట్టూనే. ఫ్రెంచిలో పడక దిండు గలీబును 'తే దొరెయే' అంటారు, సోఫా మీది కుషన్ కవరును 'ఊస్ ద కుసాఁ' అంటారు. ఒకటి రాయవలసినచోట ఇంకొకటి రాస్తే తప్పు మాట పడటమొక్కటే కాదు, మీ కుషన్ కవరు పడక దిండు వెతుక్కునేవాళ్ల ముందు కనిపిస్తుంది, కుషన్ కవరు కావలసినవాళ్లకు కనిపించదు. గుడ్డల పేర్లకైతే ఒక మంచి మార్గం ఉంది. యూరోపియన్ యూనియన్ 2011లో చేసిన 1007వ నంబరు నిబంధనలో నూలు, ఉన్ని, లినెన్ వంటి పోగుల అధికారిక పేర్ల జాబితా ఉంది. యూనియన్ చట్టాలన్నీ ఉండే యూర్‌లెక్స్ వెబ్‌సైటులో ఆ పాఠాన్ని 24 భాషల్లో ఉచితంగా చదవవచ్చు. రెండు భాషలను పక్కపక్కన పెట్టుకుని చూసుకోవచ్చు కూడా. పైగా ఆ దేశాల్లో అమ్మే బట్టకు ఏ పోగు ఎంత శాతమో ఆ దేశపు అధికార భాషలో చెప్పడం అదే నిబంధన ప్రకారం తప్పనిసరి, ఆన్‌లైన్ అమ్మకానికి కూడా.

వెతుకుడు మాటలను మాత్రం అనువదించకండి, కనిపెట్టండి. జర్మన్లు సెల్‌ఫోనును 'హ్యాండీ' అంటారని ఏ ఇంగ్లీషు నిఘంటువులోంచి మొదలుపెట్టినా ఊహించలేం. వేదికలోని వెతుకుడు పెట్టెను ఆ భాషకు మార్చి, మొదటి కొన్ని అక్షరాలు కొట్టి, కింద ఏ సూచనలు వస్తున్నాయో చూడండి. మీలాంటి వస్తువులు బాగా అమ్ముతున్న ఆ దేశపు దుకాణాల శీర్షికలు చదవండి. ఎట్సీలో ఒక వస్తువుకు 13 ట్యాగులు (వెతుకులాటకు దొరికేలా వస్తువుకు తగిలించే మాటలు), ఒక్కో ట్యాగులో 20 అక్షరాలే. మాటలను కలిపి రాసే జర్మన్‌లో ఆ ఇరవై అక్షరాలు ఇట్టే నిండిపోతాయి. శీర్షికలో ముఖ్యమైన మాట ముందే రావాలి, ఎందుకంటే ఫోను తెరమీద వెనక భాగం తెగిపోతుంది.

చట్టం గురించి మీరు అడగలేదు. అయినా చెప్పాలి. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2010 డిసెంబరులో ఇచ్చిన ఒక తీర్పులో, వ్యాపారి తన దేశంలో వాడని భాషను, కరెన్సీని వెబ్‌సైటులో వాడటం, ఆ భాషలోనే ఆర్డరు ఖాయం చేసుకునే వీలు ఇవ్వడం, ఆ దేశపు కొనుగోలుదారులను ఉద్దేశించి వ్యాపారం చేస్తున్నారనడానికి ఒక సూచనగా తీసుకోవచ్చని చెప్పింది. అంటే మీ ఫ్రెంచి పేజీ అలంకారం కాదు, మీరు ఆ దేశపు నియమాల కిందికి వస్తున్నారనడానికి సాక్ష్యం కావచ్చు. ఫ్రాన్స్‌లో 1994 ఆగస్టు 4 నాటి చట్టం ప్రకారం వస్తువు పేరు, వివరణ, వాడే విధానం, హామీ షరతులు ఫ్రెంచిలో ఉండాలి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు కారణం చెప్పకుండా వెనక్కి ఇచ్చే హక్కు 14 రోజులు ఉంటుంది. ఆ హక్కు ఉందని మీరు తెలియజేయకపోతే ఆ గడువు ఇంకో 12 నెలలు పెరుగుతుంది. కొనేవాళ్లు కోరిన పేరు కుట్టి ఇచ్చిన గలీబు వంటి వాటికి ఆ హక్కు వర్తించదు, ఆ సంగతి కూడా వాళ్ల భాషలోనే ముందుగా చెప్పాలి. 2024 డిసెంబరు 13 నుంచి అమల్లో ఉన్న వస్తు భద్రతా నిబంధన ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, తయారీదారు బయటి దేశంలో ఉంటే యూనియన్ లోపల బాధ్యత వహించే మనిషి లేదా సంస్థ వివరాలు అమ్మకం పేజీలో కనిపించాలి. అనువాదానికి డబ్బు పెట్టే ముందు ఈ ఏర్పాటు చేసుకోగలరో లేదో తేల్చుకోండి. చేసుకోలేకపోతే, అది కుదిరేదాకా ఆ దేశాలకు అమ్మకం ఆపడమే సరైన పని.

సొంత వెబ్‌సైటు సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రతి భాష పేజీకీ విడి వెబ్ చిరునామా ఉండాలి. ఒకే చిరునామాలో తెరమీద మాటలు మాత్రం మార్చే ప్లగిన్లతో గూగుల్‌కు ఆ భాష పేజీ కనిపించకపోవచ్చు. ఏ పేజీ ఏ భాషదో చెప్పడానికి హెచ్‌రెఫ్‌లాంగ్ అనే గుర్తు పెట్టించండి. ఇంగ్లీషు పేజీ ఫ్రెంచి పేజీని చూపితే ఫ్రెంచి పేజీ కూడా ఇంగ్లీషు పేజీని చూపాలి, లేకపోతే ఆ గుర్తును గూగుల్ పట్టించుకోకపోవచ్చు. వచ్చినవాళ్ల దేశాన్ని పసిగట్టి బలవంతంగా ఇంకో భాషకు తోసేయకండి. భాష మార్చుకునే చోట జెండాలు పెట్టకండి, భాష పేరును ఆ భాషలోనే రాయండి. డబ్బు కట్టే పేజీ, ఆర్డరు అందిందని వెళ్లే ఈమెయిలు ఇంగ్లీషులోనే ఉండిపోతే కొనుగోలుదారు అక్కడ మళ్లీ బెదురుతుంది. వాటిని కూడా మార్చండి.

ఇక మీకు రాని భాషలో సందేశాలు వస్తే ఏం చేయాలన్న బెంగ. ఎప్పుడూ వచ్చే ప్రశ్నలు పది పన్నెండుకు మించి ఉండవు. పార్సిల్ ఎక్కడుంది, రంగు పోతుందా, ఈ కొలత ఉందా, ఎలా వెనక్కి పంపాలి, ఇలాంటివే. వాటికి జవాబులను అనువాదకుల చేత ముందే రాయించి పెట్టుకోండి. మిగతా వాటికి యంత్రం సాయంతో జవాబు రాసి, అలా రాశామన్న సంగతి ఒక వాక్యంలో చెప్పండి. ఎవరూ తప్పుపట్టరు. గొడవ, వాపసు, డబ్బు తిరిగి ఇవ్వడం వంటి సందేశాలు వస్తే మాత్రం పంపే ముందు మీ మనిషికి చూపించండి. ఆ పనికి తగిన ప్రతిఫలం మొదటే మాట్లాడుకోండి. భాష తెలిసిన స్నేహితుల చేత ఊరికే చేయించుకునే పని నాలుగు రోజులు కూడా నిలవదు.

ఇరవై వస్తువులు ఆ భాషలో పెట్టాక, అలాంటివే అనువదించని ఇంకో ఇరవైతో పోల్చి చూడండి. అమ్మకాలు ఒక్కటే చూడకండి. ఆ దేశం నుంచి వచ్చే ప్రశ్నలు తగ్గాయా, 'వివరణలో చెప్పినట్టు లేదు' అంటూ వచ్చే వాపసులు పెరిగాయా అన్నది అంతకంటే ఎక్కువ చెబుతుంది. అమ్మకాలు పెరిగి వాపసులు కూడా పెరిగితే కొత్త వస్తువులను అనువదించడం ఆపి, ఆ వాపసులకు రాసిన కారణాలను ఒక్కొక్కటిగా చదవండి. పండుగల నెలను మామూలు నెలతో పోల్చి సంబరపడకండి. ఒక కాలమంతా చూశాక, రెండో భాష మొదలుపెట్టాలా అని అడుగుతూ మళ్లీ రాయండి. ఆ లెక్కలు కూడా జతచేయండి.